అవతలి గట్టు మగవాళ్లు

మంచుకోన అనే ఒకానొక రాజ్యంలో పొద్దెక్కేదాకా ఏది కొండో ఏది మబ్బో తెలిసేది కాదు. ఆవులు మంచులోనే కదిలేవి, మనుషులు మంచులోనే పలకరించుకునేవారు. ఆ రాజ్యాన్ని మార్తాండరాయుడు ఏలేవాడు. మంచివాడే గాని, తను నోరు విప్పితే వచ్చేది ధర్మమేనని ఆయనకు గట్టి నమ్మకం.

కోట పక్కన ఆయన ఒక ఉయ్యాల మండపం కట్టించాడు. చంటిబిడ్డల తల్లులు పొద్దున్నే అక్కడికి చేరేవారు. బిడ్డలకు నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, ఉయ్యాలలో వేసి ఊపుతూ కష్టసుఖాలు చెప్పుకునేవారు. మగవాళ్లు లోపలికి రాకూడదు. మొహమాటం ఉన్న ఇల్లాలి కోసం ఒక మూల తెర కట్టారు. ఆ తెర వెనక కూర్చుని, తనెవరో చెప్పకుండా మొగుడి మీద బాధ వెళ్లబోసుకోవచ్చు. ఇవతలున్న తల్లులు తోచిన సలహా చెప్పేవారు.

అంతవరకూ బాగానే ఉండేది. ఒకనాడు రాజు, "తల్లులు తప్పన్నవాడిది తప్పే! అలాంటివాణ్ణి ఏడాదిపాటు ఏటి అవతలి గట్టుకు పంపండి" అని శాసనం చేశాడు. ఆ రోజునుంచి తెర వెనక ఒక లేఖకురాలు కూర్చుని, తీర్పు కాగానే మొగుడి పేరూ ఊరూ రాసుకునేది. రాజుకు 'మాతృరక్షక' అని కొత్త బిరుదు వచ్చింది. నాలుగు నెలల్లో పదిహేడుమంది మగవాళ్లు ఏరు దాటారు.

ఆ మండపంలో జోలపాటలు పాడేది ఓబక్క. ఒకప్పుడు రాజునే జోకొట్టి నిద్రపుచ్చిన మనిషి. అందుకే కొలువులో ఆమె ఏమన్నా చెల్లేది.

ఒక సాయంత్రం ఓబక్క ఏటి ఒడ్డున నడుస్తుంటే మంచులోంచి ఏదో పాట వినిపించింది. ఆగి చెవి ఒగ్గింది. అవతలి గట్టున ఎవరో మగవాడు జోల పాడుతున్నాడు. స్వరం లేదు, తాళం లేదు. సగం మాటలు మరిచిపోయి ఊఁ ఊఁ అని నింపుకుంటున్నాడు. ఇంకో గొంతు కలిసింది, ఆపైన మరొకటి. మనుషులు కనబడటం లేదు. తెల్లటి మంచు ఒక్కటే పాడుతున్నట్టుంది.

ఇవతలి ఒడ్డున కంబళ్లు నేసే ఈరన్న భార్య తిప్పమ్మ బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఆ మొదటి గొంతు మా ఆయనదే అక్కా" అంది. "బిడ్డ ఏడిస్తే ఆయన లేవడని తెర వెనక చెప్పాను. చెప్పింది నిజమే. ఏదో కాస్త గుండె బరువు దించుకుందామనుకున్నాను. వాళ్లు 'నీమీద ప్రేమ లేదు' అన్నారు, 'ఇంకెవరో ఉండుంటుంది' అన్నారు. నేను అవునో కాదో అనేలోపే ఆయన్ని పడవ ఎక్కించేశారు."

ఓబక్క మర్నాడే రాజు దగ్గరికి వెళ్లింది. "ప్రభూ, ఆ మగవాళ్లనూ ఒక్క మాట అడిగితే..."

"తల్లులు అబద్ధాలాడతారా ఓబక్కా?"

"ఆడరు ప్రభూ. కానీ..."

"మరింకేం!" అని రాజు మీసం సవరించుకున్నాడు.

ఓబక్క ఇంక వాదించలేదు. రాజమాత కనకాంబ మందిరానికి వెళ్లి, తలుపు వేసుకుని, చాలాసేపు మాట్లాడింది.

రెండు రోజుల తర్వాత రాజుకు కబురు వచ్చింది. ఉయ్యాల మండపంలో చాలా పెద్ద ఫిర్యాదు ఉందట, మాతృరక్షకుడే స్వయంగా లోపలికి వచ్చి తీర్పు చెప్పాలట. రాజు ఉబ్బిపోయి పట్టుబట్టలు కట్టుకుని వచ్చాడు. సాంబ్రాణి పొగలో ఉయ్యాలలు పడవల్లా తేలుతున్నాయి. ఆయన తెరకు ఇవతల సింహాసనం వేయించుకున్నాడు.

"ఆవిడకు గొంతు పెగలడం లేదు ప్రభూ. ఆవిడ చెప్పింది నేను పలుకుతాను" అని ఓబక్క తెర పక్కన నిలబడింది.

"తొలిచూలు కొడుకు పుడితే, ఒకే ఊళ్లో ఉండి కూడా ఆ మనిషి ఎనిమిది రోజులు చూడ్డానికి రాలేదు. తొమ్మిదోనాడు గడప దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాడు. బిడ్డ నడక నేర్చేదాకా ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఎందుకని ఆవిడ అడిగితే మాట్లాడలేదు."

మండపం భగ్గుమంది.

"మనిషా, రాయా!"

"వాడికి పెళ్లెందుకు, పిల్లలెందుకు!"

"తల్లీ, నువ్వు ఇవాళే మూట సర్దుకో!"

"కచ్చితంగా ఇంకో ఇల్లుంటుంది!"

రాజు చెయ్యెత్తాడు. "ఇలాంటివాడికి ఏడాది చాలదు. బతికినంత కాలం అవతలి గట్టే! వాడి పేరు నా రాజ్యంలో ఎవరూ పలకకూడదు!"

"చిత్తం" అని ఓబక్క చేతులు కట్టుకుంది. "రెండే సందేహాలు ప్రభూ. ఆయన పోయి పన్నెండేళ్లయింది, భటులను ఎక్కడికి పంపమంటారు? రెండోది, రోజూ పొద్దున వందిమాగధులు మిమ్మల్ని 'భూపతిరాయ తనయా' అని లేపుతున్నారు. రేపటినుంచి ఎవరి తనయుడని లేపాలి?"

తెర తొలగింది. వెనక రాజమాత కూర్చుని ఉంది.

"అమ్మా, నువ్వా!" అని రాజు లేచి నిలబడ్డాడు.

"ఓబక్క చెప్పిన ప్రతి మాటా నిజం నాయనా" అంది రాజమాత. "అప్పుడు నేను పడ్డ బాధా నిజమే. కానీ మిగతాది మీలో ఒక్కరూ అడగలేదు. నువ్వు పుట్టినప్పుడు ఊళ్లో మశూచి. మీ నాన్న రోగుల మధ్య తిరుగుతున్నాడు. నీకు అంటుతుందని రాలేదు. ఎత్తుకోకపోవడమా? యుద్ధంలో దెబ్బ తగిలినప్పటినుంచి ఆయన చేతులు వణికేవి. జారవిడుస్తానని భయం. నువ్వు నిద్రపోయాక వచ్చి నీ గుప్పిట్లో వేలు పెట్టి కూర్చునేవాడు. నాలుగేళ్లకు గాని నాకీ సంగతి చెప్పలేదు."

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రాజు.

"అది ఆయన తప్పే. ఆ తప్పు గురించి చివరిదాకా ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఏరు దాటించి ఉంటే ఎవరితో పోట్లాడేదాన్ని?"

రాజు తన అరచెయ్యి తెరిచి చాలాసేపు చూసుకున్నాడు. అప్పుడు ఎక్కణ్ణించో నవ్వు పుట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "ఓబక్కా! నిండు సభలో నా చేతనే మా నాన్నను వెళ్లగొట్టించావు. నిన్నేం చెయ్యాలి?"

"నా వైపు మాట కూడా విని, ఆ తర్వాత మీ ఇష్టం ప్రభూ" అంది ఓబక్క.

ఆ పూటే పడవలు అవతలికి వెళ్లాయి. భార్యలను, భర్తలను మండపం ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగారు. ముగ్గురు భార్యలు అదే మాట మొగుడి ముఖం మీదే మళ్లీ చెప్పారు. ఆ ముగ్గురు మొగుళ్లూ తలెత్తలేకపోయారు, వాళ్లను తిరుగు పడవ ఎక్కించారు. పద్నాలుగుమంది ఇళ్లకు చేరారు. ఈరన్న, "బిడ్డను ముట్టుకుంటే నీకు చేతకాదని లాక్కుంటుంది. అందుకే లేవడం మానేశాను" అన్నాడు. తిప్పమ్మ, "మానేస్తే చేతనయ్యేదెలా?" అంది. ఇద్దరూ వాదించుకుంటూనే ఇంటిదారి పట్టారు.

రాజు కొలువు చాలించబోతుంటే తల్లుల్లోంచి రాణి లేచింది. ఒళ్లో మూడు నెలల కూతురు.

"నీదీ ఏదైనా ఉందా?" అన్నాడు రాజు, కాస్త బెదురుగా.

"ఒక్కటే. దీన్ని మీరింతవరకూ ఎత్తుకోలేదు."

"మెడ నిలవడం లేదుగా... భయం."

రాణి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది. మండపమంతా ఒక్కసారిగా లేచింది. "తల కింద చెయ్యి పెట్టండి ప్రభూ!" "అంత బిగించకండి!" "మోచేతి మీదికి, ఆఁ, అలా!"

రాజు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బిడ్డ ఆవులించి, ఆయన పట్టుబట్టల్లో ముఖం దాచుకుని నిద్రపోయింది. కదిలితే లేస్తుందేమోనని ఆయన కదల్లేదు.

మెడలో ముత్యాలహారం ఓబక్కకు ఇవ్వాలనుకున్నాడు. చేతులు ఖాళీ లేవు.

"ఓబక్కా," అన్నాడు నవ్వుతూ, గొంతు బాగా తగ్గించి, "చప్పుడు చెయ్యకుండా నువ్వే తీసుకో."