మూడు కుండలు, ఒకటే చెయ్యి

మా అమ్మమ్మకి వాళ్లమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. అనగా అనగా కొండకీ ఏటికీ నడుమ ఒక ఊరు. నలభై గడపలు. వానాకాలం ఏరు పొంగితే దారి మునిగిపోయేది. నెలన్నర పాటు బయటినుంచి ఉప్పుకల్లు కూడా వచ్చేది కాదు. అన్నాళ్లూ ఊరికి గంజీ ఆవకాయే దిక్కు.

ఊరందరి ఆవకాయా నాయుడుగారి పెరట్లోనే పెట్టేవాళ్లు. ఏడు పెద్ద జాడీలు. వాటిని కడిగేది పారమ్మ. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు.

ఒక ఏడాది వేసవిలో జాడీలు కడిగి పారమ్మ అంది: "అమ్మగారూ, ఇంకా తడుంది. మూడు ఎండలు తగలనివ్వండి."

నాయుడుగారి భార్య సింహాద్రమ్మకి అన్నీ తొందరే. "ఎండల కోసం కూకుంటే కాయ పండిపోద్ది. ఎత్తేయండి!" అంది. చెయ్యి కడుక్కొచ్చి, ఆ తడి చేత్తోనే ముక్కలు అదిమింది.

వానలు పడ్డాయి. ఒక జాడీ మూత తీస్తే తెల్లటి బూజు. ఇంకోటి తీస్తే పచ్చటి బూజు. మూడోది తీస్తే నల్లటి బూజు, ముక్కు పగిలే కంపు.

"మొగుడు పోయినదాని చెయ్యి తగిలింది, అందుకే" అన్నారు జనం.

"ఒలే పారమ్మా, నీ చెయ్యి మంచిది కాదు. మా గడప తొక్కకు" అంది సింహాద్రమ్మ.

పారమ్మ వెనుదిరిగింది. గుడిసెకెళ్లి తన చెయ్యి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. నిజమేనేమో అని తనకీ అనుమానం వచ్చింది, పాపం.

మరుసటి వేసవి రాలిన కాయలు ఏరుకొచ్చింది. దాచుకున్న ఉప్పూ కారం, ఆవపిండి, కాస్త నూనె తీసింది. మూడు చిన్న కుండలు పెట్టింది. ఒకటి తడికుండ. ఒకటి పొడికుండే గాని ఉప్పు తక్కువ. మూడోది మూడు ఎండలు తిన్న కుండ, నిండా ఉప్పు, ముక్కల మీద వేలెత్తు నూనె.

ఆ ఏడాది నాయుడుగారి జాడీల మీద పారమ్మ నీడైనా పడలేదు. అయినా వానల్లో ఏడుకి ఏడూ బూజు పట్టాయి. పిల్లలు చప్పటి గంజి తాగలేక ఏడిచారు. ఆవకాయ వాసన ఎక్కడినుంచి వస్తోందా అని వెతుక్కుంటూ సింహాద్రమ్మ పారమ్మ గుడిసెకే వచ్చింది.

పారమ్మ మూడు కుండలూ మూత తీసి ముందు పెట్టింది. రెండింట్లో బూజు. మూడోది ఎర్రగా నిగనిగలాడుతోంది.

"మూడింట్లోనూ పెట్టింది ఇదే చెయ్యి అమ్మగారూ."

"మరి పాడుచేసిందేటే?"

"కంటికి ఆనని పురుగులేవో ఉండాలమ్మా. గాల్లో, నీళ్లలో, మీ చేతిలో, నా చేతిలో. తడి దొరికితే పిల్లలు పెడతాయి. ఉప్పు తగిలితే దాహంతో చస్తాయి. పైన నూనె ఉంటే ఊపిరాడదు."

"అన్నీ చెడ్డవేనా?"

"కాదు. గంజి పులవబెట్టే తరవాణి కుండ ఉందా, అందులో కాపురముండేవి మంచివి. పులుపు కాపలా పెట్టి, చెడ్డవాటిని గడప తొక్కనివ్వవు."

ఆ మాటకి సింహాద్రమ్మ తల వంచుకుంది. "నా తడి చెయ్యే చెరిపింది పారమ్మా" అంది.

పారమ్మ ఆ ఒక్క కుండనీ ఆవిడ చేతిలో పెట్టింది. గడపకో నాలుగు ముక్కలు. గంజి పారబోయకుండా ఇంటింటా తరవాణి పెట్టించింది. ఆ పులుపుతో, ఆ ముక్కలతో ఊరు ఏరు తీసేదాకా ఓపిక పట్టింది. ఆపైన పారమ్మ బతికినన్నాళ్లూ జాడీలు మూడు ఎండలు తిన్నాకే ఊళ్లో కాయ కోసేవారు.

పారమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క లేదు. ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో కొత్తావకాయ పెడితే, జాడీలో మొదటి ముక్క వేసేది మొగుడు పోయిన ఆడమనిషే. ఇంట్లో లేకపోతే వీధిలోంచి పిలుచుకొస్తారు. ఆవిడ వేసేదాకా ఎవరూ ముక్క ముట్టరు. వచ్చినావిణ్ణి ఒకటే అడుగుతారు, "చెయ్యి పొడిగా ఉందా?" అని. ఇంకేమీ అడగరు.