గవరమ్మ గుప్పిట్లో ఆవగింజ

రండర్రా, దుప్పట్లు లాక్కోండి. ఆ ఫోను అటు పెట్టెయ్ లోహితా. గ్రహాలన్నీ ఒక వరసలోకొస్తాయి, లోకం మునిగిపోతుందని అందులో ఎవడో చెప్పాడని పొద్దుట్నించీ నువ్వు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ భయం కొత్తదేం కాదు. అనగనగనగా ఓ ఊరు, ఆ ఊరికి ఓ రాజు, ఆ రాజుకి నిలువెల్లా భయం. పిల్లి తుమ్మితే ఉలిక్కిపడేవాడు. ఊ కొట్టండి మరి, లేకపోతే నేనే నిద్దరపోతాను.

ఆ రాజు దగ్గర ఓ జోస్యుడున్నాడు. ఇవాళ్టికి ఎనిమిదో రాత్రి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, అయిదుగురూ ఆకాశంలో ఒకే వరసలో నిలబడతారు, ఒకరి భుజం ఒకరు రాసుకుంటారు, ఆ బరువుకి భూమి పగిలిపోతుందన్నాడు. రాజుకి చెమటలు పట్టాయి. శాంతి ఏమిటయ్యా అంటే, రాజ్యంలో ఉన్న విత్తనాలన్నీ హోమంలో పొయ్యమన్నాడు. దాచినవాడి తల తీస్తామని దండోరా వేయించారు.

జనం వణికిపోయారు. వడ్లు పోశారు, జొన్నలు పోశారు, పెసలు పోశారు, కందులు పోశారు. పొగ ఊరంతా కమ్మేసింది. విత్తనాలు మాడిన వాసన మీకు తెలీదు, తెలీకుండానే ఉండాలి.

ఊరి చివర అచ్చాయమ్మ అని ఓ కోడలు, గవరమ్మ అని వాళ్ళత్త. వాళ్ళింట్లో గడ్డితాడు చుట్టి కట్టిన పురి నిండా విత్తనం వడ్లు. మొదటిసారి నాగలి కట్టే ఏరువాక నాడు తప్ప ఆ పురి విప్పకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. గవరమ్మ గజగజలాడుతూ, ఇచ్చేద్దామే, ప్రాణాలు దక్కుతాయంది. అచ్చాయమ్మ ఒప్పుకోలేదు. భూమి పగిలితే వడ్లుండీ ఒకటే లేకా ఒకటే, పగలకపోతే వచ్చే ఏడు ఏం తింటామత్తయ్యా అంది. అందిగానీ దానికీ భయమే. రాత్రంతా పురికి వీపానించి కూర్చునేది, కన్ను మూసేది కాదు.

ఆరో రోజున రాజే వచ్చాడు. రాజు వెనక జోస్యుడు, జోస్యుడి వెనక కత్తులు. అచ్చాయమ్మ చేతులు జోడించి, నాతో ఓ నడక నడవండి దొరా, నడిచాక కూడా ఇమ్మంటే పురీ ఇస్తాను, తలా ఇస్తానంది. వాళ్ళ నాన్న పంచాంగం లెక్కలు కట్టేవాడులే. చిన్నప్పుడు గింజలు పెట్టి దానికి గ్రహాల్ని నేర్పాడు. ఊ కొడుతున్నారా, కళ్ళు మూశారా?

కళ్ళంలో ఓ పెద్ద గుమ్మడికాయ పెట్టి, ఇదే సూర్యుడంది. పదిహేడు అడుగులు నడిచి ఓ గసగస గింజ పెట్టింది. ఇది బుధుడు, పగలు పెనం మీద అట్టులా మాడతాడు, రాత్రి గడ్డకట్టుకుపోతాడంది. ముప్పై ఒకటో అడుగున ఆవగింజ. ఇది శుక్రుడు, పైకి తళతళా మెరుస్తాడు, లోపల మబ్బుల కింద సీసం కరిగేంత వేడంది.

నలభై మూడో అడుగున ఇంకో ఆవగింజ. దీన్ని నేల మీద పెట్టలేదు. అత్తని పిలిచి గుప్పిట్లో పెట్టి, ఇది భూమి అత్తయ్యా, నువ్వూ నేనూ రాజుగారూ కోటా పురీ అందరం ఇందులోనే ఉన్నాం, కదలకు అంది. బెత్తెడు దూరంలో మణికట్టు మీద ఓ ఇసక రేణువు అంటించి, ఇది చందమామంది. అక్కణ్ణించి చూస్తే గుమ్మడికాయ సరిగ్గా ఆకాశంలో సూర్యుడంతే కనబడింది. గవరమ్మ కొయ్యబారిపోయింది.

గుమ్మడి దాటి గసగస, గసగస దాటి ఆవ, ఆవ దాటి ఆవ, అరవై అయిదో అడుగున రాగి గింజ. అది కుజుడు, అంతా ఎర్ర దుమ్ము, పారే ఏరన్నది లేదు. ఆ తర్వాత రాళ్ళూ రప్పలూ తిరిగే మేర. నడిచారు, నడిచారు, రెండొందల పాతికో అడుగున నిమ్మకాయ. అది గురుడు, అందరికంటే పెద్దవాడు, నిలబడదామంటే నేల లేదు, వందల ఏళ్ళనించీ ఆగని సుడిగాలి ఒకటి తిరుగుతోందక్కడ. నడిచారు, నడిచారు, నాలుగొందల పదో అడుగున ఉసిరికాయ. తన చేతి మట్టిగాజు ఒకటి తీసి దాని చుట్టూ పెట్టి, ఇది శని, ఈ గాజంతా మంచుగడ్డలూ రాళ్ళూ అంది.

ఏమయ్యా, భుజాలు రాసుకోవడమంటే ఇదేనా అని జోస్యుణ్ణి అడిగింది. గట్టు మీద ఈ చివర నిలబడి చూస్తే తాటిచెట్లన్నీ ఒకదానికొకటి అంటుకున్నట్టే ఉంటాయి, దగ్గరికెళ్తే మధ్యలోంచి బండి పోతుంది, ఇదీ అంతేనంది. జోస్యుడు మెల్లిగా కత్తులవాళ్ళ వెనక్కి జారుకున్నాడు.

ఉండవే లోహితా, యురేనస్, నెప్ట్యూనూ నాకూ తెలుసు. వాళ్ళిద్దరూ ఆ కాలానికి ఎవరి కంటికీ దొరకలేదు. తర్వాత దుర్భిణీల్లో చూసి పట్టుకున్నారు. రెండు శనగగింజలనుకో, ఒకటి ఎనిమిదొందల పాతికో అడుగున, రెండోది ఆ పొలాలన్నీ దాటి చెరుకుతోట అవతల.

రాజు భయం పోయిందనుకున్నారా? ఇంకా పెరిగింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మడికాయ చుక్కంత, మధ్యలో అంతా బోసి. ఈ పాడు ఖాళీలో మన భూమి ఏదీ అన్నాడు. కంగారులో అంతా మరిచిపోయి, ఒక్క పరుగున వెనక్కొచ్చి, ఎవరూ అడుగు వెయ్యకండి, తొక్కేస్తారు అంటూ కిరీటం పక్కన పారేసి, మోకాళ్ళ మీద పడి దుమ్ములో ఆవగింజని వెతికాడు. ఏడుస్తూ వెతికాడు.

గవరమ్మ నిలబడినచోటే నిలబడి ఉంది. మెల్లిగా గుప్పిట విప్పింది. అరచేతి చెమటకి అంటుకుని ఉంది ఆవగింజ.

ఇంత మంటలో, ఇంత మంచులో మొక్క మొలిచేది ఈ ఒక్క గింజ మీదేనా అనడిగాడు రాజు. మా నాన్నకి తెలిసినంతలో ఇదొక్కటే దొరా అంది అచ్చాయమ్మ. అలాంటప్పుడు ఇందులో విత్తనాలు కాలుస్తున్నానే అని రాజు తల పట్టుకున్నాడు. నా పురి జోలికి ఇంకెవడైనా వస్తే చూస్తానంది గవరమ్మ, ఇచ్చేద్దామన్నది తను కానే కాదన్నట్టు. ఆ సాయంత్రమే హోమం ఆర్పించారు.

ఎనిమిదో రాత్రి ఊళ్ళో ఎవరూ పడుకోలేదు. అయిదుగురూ తెల్లవారుజామున వరసగా వచ్చారు. వచ్చి, దీపాల్లా నిలబడి, వెలుగు రాగానే కనబడకుండా పోయారు. కోడి కూసింది. ఏరువాక నాడు ఆ ఒక్క పురి విప్పి ఊరందరికీ తలా ఇన్ని గింజలు పంచారు. రాజూ దోసిలి పట్టాడు. పలచగా చల్లుకున్నారు, పలచగానే తిన్నారు, అందరూ బతికారు. భయం వేస్తే వెయ్యనీ తల్లీ, చేతిలో ఉన్నదాన్ని మాత్రం నిప్పుల్లో పొయ్యకూడదు.

చెయ్యి చాపు లోహితా. పోపులడబ్బాలోంచి తెచ్చాను, ఇదిగో ఆవగింజ. నేనూ ఇందులోనే ఉన్నాను, మీ అమ్మా ఉంది. గుప్పిట మూసుకుని పడుకో. కథ కంచి దారి పట్టింది, మనం మన దుప్పట్లోకి.