గాలిలో తేలిన రాజకుమారుడు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్ళు పోట్లాటకొస్తారు గనక చెప్పను, ఉద్దండరాయలనే రాజుగారు ఉండేవారు. మంచివారే. కాకపోతే తన నీడ పొట్టిగా పడితే సూర్యుడి మీద కోప్పడే రకం.

ఆయన ఆర్నెల్ల పసివాడుగా ఉన్నప్పుడు శత్రువులు కోటకు నిప్పుపెట్టారు. కోటలో నీళ్ళు మోసే మాచమ్మ ఆ పసివాణ్ణి వీపున కట్టుకుని, పొంగే ఏరు దాటి, అవతలి గట్టున ఉన్న కోటవాళ్ళ చేతికందించింది. తాను గట్టెక్కేలోగా ఆవిణ్ణి మాత్రం ఏరు తీసుకుపోయింది.

ఏటేటా ఆ రోజున కోట ముంగిట ఈ కథే తోలుబొమ్మలాట ఆడేవారు. బొమ్మలు చేసిన ముసలాయన మాచమ్మను కళ్ళారా చూసినవాడు. ఆ కోలమొహం, కాస్త వంగిన ముక్కు, అచ్చం ఆవిడే. మాచమ్మ కూతురు నూకమ్మ ఏటా ముందు వరసలో కూర్చునేది. తల్లి పోయేనాటికి ఆమెకు నాలుగేళ్ళు. తల్లి మొహం మనసులోంచి ఎప్పుడో చెరిగిపోయింది. ఏడాదికొకసారి, తెర వెనక దీపం వెలిగినంతసేపే, మళ్ళీ కనిపించేది.

ఆ నూకమ్మ కొడుకు సింగన. రాయలవారి కొలువులో విదూషకుడు.

ఆ ఏడు పొరుగు రాజులు విందుకొస్తున్నారు. నీళ్ళ మనిషి వీపునెక్కి బతికానంటే వాళ్ళ ముందు పరువేం కావాలని రాయలవారికి బెంగ పట్టుకుంది. మాచమ్మ బొమ్మ తీసెయ్యమన్నారు. తక్కిన ఆట పొల్లుపోకుండా సాగాలనీ, ఇంకేదైనా మార్చినవాడికి దేశబహిష్కారమనీ చాటించారు.

సింగన ఇంటికెళ్ళి సంగతి చెప్పాడు. నూకమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "అయితే ఈ ఏడు అమ్మ కనబడదంట్రా?" అని మాత్రం అడిగింది. ఆ పూట సింగన ఒక్క పరాచికమూ ఆడలేదు. తిన్నగా బొమ్మలవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈసారి బొమ్మల మాటలు తాను చెబుతానన్నాడు.

ఆట మొదలైంది. కోట అంటుకుంది. పసివాడి బొమ్మ ఉయ్యాల్లోంచి దానంతటదే లేచింది. దిడ్డివాకిలి గడియ దానంతటదే ఊడింది. పసివాడు గాలిలో తేలుతూ ఏటి దగ్గరికొచ్చి ఆగాడు.

"గంగమ్మా, పక్కకు జరుగు. ఉద్దండరాయలవారు వేంచేస్తున్నాం. ఇంకా పళ్ళు రాలేదు గనక గట్టిగా గద్దించలేం," అంది తెర వెనక సింగన గొంతు.

పొరుగు రాజులు పొట్టలు పట్టుకున్నారు. ఒకాయనైతే తమకు పుట్టుకతోనే రెక్కలుండేవా అని రాయలవారినే అడిగాడు.

రాయలవారు గభాలున లేచారు. "ఒరే సింగనా, పసివాణ్ణి అలా గాల్లో వదిలేశావేం? ఏట్లో పడిపోడూ?"

సింగన తెర పక్కనుంచి తల బయటపెట్టాడు. "తమ ఆజ్ఞే ప్రభూ. ఒక్క బొమ్మ తీశాం, తక్కినదంతా పొల్లుపోలేదు."

"ఎవరో ఒకరు మొయ్యాలి కదరా!"

"మొయ్యాలి ప్రభూ. ఎవరో తమరే సెలవివ్వండి. మేం చెబితే దేశబహిష్కారం."

రాయలవారు తెర వంక చూశారు. అంత ఏటి మీద అరచెయ్యంత పసివాడు, ఒంటరిగా. ఇన్నేళ్ళూ ఆ బొమ్మ కిరీటం సరిగ్గా ఉందా అనే చూసుకున్నారు గాని, తానెంత చిన్నవాడో ఎన్నడూ చూడలేదు.

"మాచమ్మ," అన్నారు చివరికి. ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

ఆపైన తన మీద తనకే నవ్వొచ్చింది కాబోలు, భుజాలు కదిలేలా నవ్వారు. మెళ్ళో హారం తీసి సింగన మెళ్ళో వేసి, ఏటేటా ఆ బొమ్మ ఆడాల్సిందేనన్నారు. నూకమ్మను పిలిపించి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆట మళ్ళీ సాగింది. అమ్మమ్మ బొమ్మను సింగనే పట్టాడు. బిడ్డను వీపున కట్టుకుని మాచమ్మ ఏట్లో దిగింది, నడిచింది, గట్టు దగ్గరికొచ్చింది. గట్టు చేరాక ఏమవుతుందో అక్కడ తెలియనివాళ్ళు లేరు. నూకమ్మ రెప్పవెయ్యకుండా ముందుకు వంగింది.

రాయలవారు ఆమెను చూశారు. తెరకేసి వంగి, గొంతు తగ్గించి అన్నారు:

"సింగనా, గట్టెక్కించకురా. కాసేపు అలా నడవనీ."