కరగని శాలువా

ఏ ఊరో అడక్కండి, ఆ ఊరికి జగ్గారాయుడు గారే పెద్ద. మండుటెండలోనూ శాలువా దించరు. చెమట కారేది గానీ దర్జా జారేది కాదు.

"అసలైన కాశ్మీరు ఉన్ని! ఉన్ని కాలితే వెంట్రుకల కమురు కొట్టి బూడిదవుతుంది గానీ చచ్చినా కరగదు. కరిగిందంటే అది అక్రిలిక్కు. ప్లాస్టిక్ దారం, గతిలేనివాళ్లు కప్పుకునేది" అని ఎదురుపడ్డ ప్రతివాడికీ పాఠం చెప్పేవారు. ఆయన మేడ గోడల రంగులో ఉన్నదీ అక్రిలిక్కేనని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకరోజు ఊళ్లో బట్టలుతికే పైడితల్లి ఆ శాలువాకు ఇస్త్రీ చేస్తుంటే, అది కాస్తా కరిగి పెట్టెకు అంటుకుపోయింది. రాయుడు గారు మేడ ముందే పంచాయితీ పెట్టించారు.

"నా శాలువా పాడుచేసింది. ఏడాదిపాటు మా ఇంటి బట్టలు ఊరికే ఉతకాలి!"

పైడితల్లి కరిగిన గుడ్డను అందరికీ చూపించింది.

"ఇది మీదెలా అవుతుంది బాబూ? మీది కరగదని మీరే చెప్పారు కదా! ఎవరో గతిలేనివాళ్లది నా మూటలో కలిసినట్టుంది. ఇది నాదేనని ఎవరు ముందుకొచ్చినా, వాళ్లింటి బట్టలు ఏడాది ఊరికే ఉతుకుతాను."

పెద్దలంతా రాయుడు గారి వైపు తిరిగారు. ఆయన మేడ గోడ వైపు తిరిగారు.

"నాది... ఇంట్లోనే ఉండుంటుంది" అని గొణిగి లోపలికి పోయారు.

ఆ చలికాలమంతా రాయుడు గారు గజగజ వణుకుతూనే, "ఈ ఊళ్లో చలెక్కడుందయ్యా!" అని అందరినీ కసురుకున్నారు.