అంతటా ఒకటే వేడి

త్రివిక్రమకు చలీ వేడీ ఒకటేనని మఠంలో పేరు. హార్స్‌లీ కొండ కింద ఆ చిన్న మఠంలో, పుష్యమాసపు తెల్లవారుజామున బావినీళ్ళు తోడి నెత్తిన కుమ్మరించుకునేవాడు, వణికేవాడు కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండమీద కూర్చునేవాడు, నుదురు చిట్లించేవాడు కాదు. చూడవచ్చినవాళ్ళు ఆహా అనేవాళ్ళు. ఆ ఆహాలు మాత్రం అతనికి బాగానే వినపడేవి.

గురువు ఓబుళస్వామి ఒక్కనాడూ ఆహా అనలేదు. త్రివిక్రమ మనసులో ముల్లు అదే.

ఆ చలికాలం మదనపల్లె నుంచి సాహితి అనే కాలేజీ పిల్ల ఒక అద్దాల పెట్టె మోసుకొచ్చింది. లోపల జానెడు కూడా లేని తొండపిల్ల, దవడ కింద గడ్డంలా ముళ్ళు. ఏదో ఎడారి దేశపు జాతి, ఇళ్ళలో ముద్దుగా పెంచుకుంటారట. హాస్టల్లో ఉంచనివ్వరు, సెలవులిచ్చేదాకా చూసుకోండి స్వామీ అని బతిమాలింది. స్వామి త్రివిక్రమను చూపించాడు.

"ఈ కొసన బల్బు కింద రాయి ఉంది గదా స్వామీ, అక్కడ నలభై డిగ్రీలు ఉండాల. ఆ కొసన చల్లగా, ఇరవై ఆరు. రాత్రికి బల్బు ఆర్పేయండి. వాడికి ఒంట్లో సొంత వేడి ఉండదు. కావాలంటే ఇటొస్తాడు, చాలనుకుంటే అటు పోతాడు," అని ఆ పిల్ల త్రివిక్రమకు అప్పజెప్పింది.

ఎండు పురుగుల డబ్బా కూడా ఇచ్చింది. త్రివిక్రమ దాన్ని అందుకోవడానికి తటపటాయిస్తే, "దాని తిండి దానిది. పెట్టు," అన్నాడు స్వామి. మర్నాడు ఆయన ఊళ్ళమీద సంచారానికి వెళ్ళిపోయాడు.

త్రివిక్రమ కొద్దిరోజులు చూశాడు. తొండ పొద్దంతా ఇటూ అటూ. వేడికోసం పరుగు, చల్లదనం కోసం పరుగు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. నోరులేని జీవి అయితే మాత్రం, కాస్త నిలకడ నేర్పితే ఏం పోయింది?

నలభైకీ ఇరవై ఆరుకీ సరిగ్గా నడుమ ముప్పై మూడు. ఇంకో బల్బు తగిలించాడు, పెట్టెమీద కంబళి కప్పాడు, ఏ మూల చూసినా థర్మామీటర్ ముప్పై మూడే చూపించేలా కుదిర్చాడు. రాత్రీ అంతే. తన పనితనానికి తానే మురిసిపోయాడు.

కొన్నాళ్ళకు తొండ తిరగడం మానేసింది. ఆ తర్వాత తిండీ మానేసింది. పెట్టె నడిమధ్య కళ్ళు సగం మూసుకుని పడి ఉండేది. వచ్చినవాళ్ళకు త్రివిక్రమ కంబళి ఎత్తి చూపించి, "ధ్యానంలో ఉంది," అనేవాడు. జనం చెంపలు వేసుకునేవాళ్ళు. ఒకావిడ పెట్టె ముందు అరటిపండు కూడా పెట్టి పోయింది. చావబోయే ప్రాణికి దండం పెట్టి పోయేవాళ్ళను ఏమనాలో నాకైతే తెలియదు.

స్వామి తిరిగొచ్చాడు. ఆయన ఇంకా గడప దాటకముందే త్రివిక్రమ ఎదురెళ్ళాడు.

"నా సాధన గురించి మీరు ఎప్పుడూ ఒక్క మాట అనలేదు స్వామీ. పోనీ, నేను సాధన చేయించినదాన్నయినా చూడండి."

స్వామి వంగి చూశాడు. తొండ డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి. ఆయన కంబళి లాగేశాడు. ఒక బల్బు పీకేశాడు, రెండోదాన్ని రాతిమీదికి జరిపాడు. ఆ పక్కనే కింద చతికిలబడ్డాడు.

చాలాసేపటికి ఒక కొస చల్లబడింది, రాయి కాగింది. తొండ తల ఎత్తింది. పొట్ట ఈడ్చుకుంటూ రాతి దగ్గరికి పోయింది. ఎక్కలేక, గడ్డం దానికి ఆనించి పడుకుంది. కాసేపటికి మళ్ళీ ఈడ్చుకుంటూ చల్లని మూలకు బయల్దేరింది.

"ధ్యానం చెదిరింది స్వామీ," అన్నాడు త్రివిక్రమ.

"ధ్యానం యాడిదిరా? యాడికి పోయినా అదే వేడి. ఇంక పోయేది మానుకునింది."

త్రివిక్రమ గబగబా పెట్టె దగ్గర కూర్చున్నాడు. నీటిచుక్క వేలిమీద తీసి తొండ మూతికి అద్దాడు. పురుగు అందించాడు. అది నోరు తెరవలేదు. సాయంత్రానికి ఆ చల్లని మూలనే పోయింది.

త్రివిక్రమ తోటలో గుంట తీసి పూడ్చాడు. చేతులు కడుక్కుని, మొహం ఎప్పటిలాగే పెట్టుకుని, గురువు ముందు నిలబడ్డాడు.

"దాని ఆయువు అంతే స్వామీ."

స్వామి మఠం ఫోను తీసి సాహితి నంబరు కలిపాడు. దాన్ని త్రివిక్రమ చేతిలో పెట్టాడు.

"మీరు చెబితే బాగుంటుంది స్వామీ..."

"ఆ పిల్ల అప్పజెప్పింది నీకు. చెప్పు."

అవతల ఫోను ఎత్తారు. "స్వామీ, బాగుండారా? మావాడు తింటా ఉన్నాడా? మాకు సెలవులిచ్చేసినారు. రేపే వస్తా ఉండా, వాడికి చెప్పండి," అంది సాహితి నవ్వుతూ.

ఫోను పట్టుకున్న త్రివిక్రమ చెయ్యి వణికింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టాడు.

"స్వామీ? వినపడతా ఉందా?" అంటోంది ఆ పిల్ల.

ఓబుళస్వామి ఆ రెండో చేతిని మెల్లగా పట్టి పక్కకు తీశాడు.

"వణకనీరా," అన్నాడు.