మరో ఆరు

అనగనగా అనగానే మీకు రాజు కావాలి. సరే, ఉన్నాడు. మెట్టమీద కోటలో ఉన్నాడు. మంచివాడే, కానీ ఈ కథలో చివరికి గానీ నోరు విప్పడు. ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక మనిషి చచ్చిపోతాడు. తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు.

ఆ కోటలో పెద్ద ధాన్యపు కొటారు ఉండేది. అక్కడ బస్తాలు మోసే జట్టుకు పెద్ద ఎర్రన్న. ఇరవై ఏళ్ళు మోసి మోసి అతని కుడిభుజం కాయ కాసింది. రోజూ పొద్దున్నే అతని పెళ్ళాం నూకాలు గోరువెచ్చని నూనెతో ఆ భుజం మర్దించేది. "దీనికి సెలవెప్పుడయ్యా?" అని అడిగేది. "ధాన్యం పండటం మానేసినప్పుడు" అని నవ్వేవాడు ఎర్రన్న.

ఆ సంవత్సరం పంట విరగపండింది. కింద చోటు చాలక బస్తాలు అటక మీదికి ఎక్కించాల్సి వచ్చింది. బస్తా వీపున వేసుకుని నిచ్చెన ఎక్కితే నడుములు మిగలవు. అప్పుడు కొటారు అధికారి భద్రిరాజు, "రేవులో ఎత్తుడుబల్ల అమ్ముతారట, తెప్పిద్దాం" అన్నాడు.

ఎత్తుడుబల్ల అంటే మరేం కాదు. పైన దూలానికి ఒక కప్పీ, కప్పీలో మోకు, మోకు చివర వెడల్పాటి బల్ల. బల్ల మీద బస్తాలు పేర్చి, ఇవతల పదిమంది మోకు లాగితే బల్ల పైకి లేస్తుంది. ఒక మనిషి మాత్రం కింద నిలబడి, బల్ల ఊగకుండా తాడు పట్టుకోవాలి. ఆ మనిషి ప్రాణం మోకును నమ్ముకుని ఉంటుంది. జట్టుకు పెద్ద కాబట్టి ఆ చోటు ఎర్రన్నది.

ఆ మాట విని నూకాలు సంబరపడింది. "పోనీలే, నీ భుజానికి సెలవొచ్చింది" అంది.

ఇక రేవు సంగతి. అక్కడి వర్తకులకు ఒక పట్టింపు ఉంది. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాత ఏడు అనరు. ఏడు అంటే ఏడుపు వస్తుందట. అందుకని "మరో ఆరు" అంటారు. ఆపైన మామూలుగానే ఎనిమిది, తొమ్మిది. ఏడుకొండలవాడికి లేని భయం వీళ్ళకెందుకో నాకు తెలియదు. రేవులో పుట్టిన పిల్లకైనా మరో ఆరు అంటే ఏడని తెలుసు. మెట్టవాళ్ళకు తెలియదు.

ఎత్తుడుబల్లలు అమ్మేవాడు సూరిశెట్టి. చేసేవాడు మల్లాచారి అనే వడ్రంగి. మల్లాచారి మాట తక్కువ మనిషి. బల్ల చేసి, బరువు వేసి చూసి, "శెట్టిగారూ, దీని బలం ఏడు బస్తాలు. ఎనిమిదోది వెయ్యకూడదు" అని చెప్పి, బల్ల అంచున ఉలితో ఏడు గాట్లు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే భద్రిరాజు దుకాణానికి వచ్చాడు. శెట్టికి అదే బోణీ.

"ఎన్ని బస్తాలు ఎత్తుతుంది?" అన్నాడు భద్రిరాజు.

శెట్టి వేళ్ళు మడుస్తూ, "ఆరు... మరో ఆరు అండి" అన్నాడు.

"ఆరూ, మరో ఆరూ. పన్నెండన్నమాట. భేష్" అన్నాడు భద్రిరాజు.

శెట్టి నోరు తెరిచాడు. కాదండీ, ఏడండీ అనాలి. అంతే, ఒక్క మాట. కానీ బోణీ వేళ ఏడు అనడమా? పైగా ఏడే అంటే ఈయన పక్క దుకాణానికి పోతాడేమో. తెరిచిన నోట్లో తమలపాకు చిలక పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. నిజం మింగడం అది మొదటిసారి.

మధ్యాహ్నం మల్లాచారి అడిగాడు. "దీని బలం ఎంతో ఆయనకు చెప్పారా?"

"చెప్పాను."

"ఏమని?"

"మరో ఆరని."

"ఆయన మెట్ట మనిషి. మన మాట ఆయనకేం తెలుస్తుంది? ఏడని నోరారా చెప్పండి. లేదా గాట్లయినా చూపించండి."

"కొయ్య చెక్కడం నీ పని, మాట చెప్పడం నా పని" అన్నాడు శెట్టి. మల్లాచారి వెళ్ళగానే చిక్కగా పసుపు కలిపి బల్ల అంచుకు దట్టంగా మెత్తాడు. పైన కుంకుమ బొట్లు పెట్టాడు. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకున్నారు. పసుపు కింద గాట్లు కనపడలేదు. అది రెండోసారి.

మూడోనాడు బల్లను తీసుకుపోవడానికి ఎర్రన్న బండి తోలుకొచ్చాడు. మోకును అరచేత్తో తడిమి చూశాడు. బరువులు మోసినవాడి చెయ్యి కదా, దానికి కొంత తెలుసు.

"శెట్టిగారూ, ఇది పన్నెండు బస్తాలు ఎత్తుతుందని మా దొరగారు అంటున్నారు. నిజమేనాండీ?" అని అడిగాడు.

ఎదురుగా నిలబడి అడిగాడు. ఆ బల్ల కింద నిలబడేవాడే అడిగాడు. శెట్టి కళ్ళు దించుకుని, "దొరగారు అన్నాక కాదనడానికి నేనెవణ్ణి నాయనా" అన్నాడు. మూడోసారీ అయిపోయింది. కథ ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కొటారులో బల్ల కట్టారు. పన్నెండు బస్తాలు పేర్చమన్నాడు భద్రిరాజు. ఎనిమిది పెట్టేసరికి బల్ల కిర్రుమంది.

"దొరా, మరీ ఎక్కువేమో" అన్నాడు ఎర్రన్న.

"మోసేవాడివి, లెక్క నీకెందుకు?" అన్నాడు భద్రిరాజు.

మిగతా నాలుగు బస్తాలూ పేర్చారు. ఎర్రన్న తాడు పట్టుకుని కింద నిలబడ్డాడు. బల్ల నిలువెత్తు లేచింది, ఇంకో నిలువు లేచింది. అప్పుడు మోకు తెగింది.

నూకాలు పరుగెత్తుకొచ్చేసరికి బస్తాలు తొలగిస్తున్నారు. ఆ భుజాన్ని చూసి గుర్తుపట్టింది.

విరిగిన బల్లను ఎవరో వాకిట్లో పారేశారు. మూడు రోజులు వాన కురిసింది. పసుపు కారిపోయింది. నాలుగోనాడు నూకాలు అటువైపు వస్తూ బల్ల అంచున గాట్లు చూసింది. వంగి వేలితో తడిమి లెక్కపెట్టింది. ఏడు. "పన్నెండని శెట్టి చెప్పాడా?" అని జట్టువాళ్ళను అడిగింది.

"ఆరూ మరో ఆరూ అన్నాడని దొరగారు చెప్పారు" అన్నారు వాళ్ళు.

నూకాలు అక్కడే కూలబడింది. ఎందుకంటే ఆమె పుట్టిల్లు ఆ రేవే. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా అని గుండెలు బాదుకుంది. బస్తాలు మోసేవాడి పెళ్ళాన్ని ఎవరు అడుగుతారు?

తగవు రాజు దగ్గరికి వెళ్ళింది.

"పన్నెండని చెప్పి అమ్మాడు ప్రభూ" అన్నాడు భద్రిరాజు.

"మరో ఆరు అన్నాను ప్రభూ, అది మా రేవు మాట. అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి. అయ్యగారు పొరపాటు పడితే, పడ్డారని నాకేం తెలుసు?" అన్నాడు సూరిశెట్టి.

రాజు తల గోక్కున్నాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది.

నూకాలు ముందుకు వచ్చింది. "మారాజా, అలాంటి బల్లే ఇంకొకటి తెప్పించండి. శెట్టిగారిని కింద నిలబెట్టండి. ఆయనకు తెలుసో తెలియదో బల్లే చెబుతుంది."

బల్ల తెచ్చారు. సభ ముందే కట్టారు. కదలకుండా ఇద్దరు భటులు పట్టుకుంటే శెట్టి కింద నిలబడ్డాడు. ఖాళీ బల్లను ముందే మోకుతో పైకి లాగి, పక్కన కట్టిన మంచె మీద నుంచి జట్టువాళ్ళు ఒక్కొక్క బస్తానే దాని మీద పెడుతున్నారు. నూకాలే లెక్కపెట్టింది, రేవు లెక్క.

"లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. మరో ఆరు."

"చాలు" అన్నాడు శెట్టి. చెమటలు కారుతున్నాయి.

"అప్పుడే చాలా? దొరగారు విన్న లెక్కకు ఇంకా అయిదున్నాయి" అంది నూకాలు. ఎనిమిదో బస్తా అంచు దాకా వచ్చింది.

శెట్టి గొంతు చించుకున్నాడు. "ఏడే. దాని బలం ఏడే. ఆపండి, ఏడే."

ఆపారు.

"చూశారా మారాజా, శెట్టిగారికి ఏడు అనడం వచ్చు" అంది నూకాలు. "తన నెత్తిమీదికి వస్తే వచ్చింది. మా ఆయన ఎదురుగా నిలబడి అడిగినప్పుడు రాలేదు."

భద్రిరాజు మీసం తడుముకుంటూ నవ్వబోయాడు. ఆమె అటు తిరిగింది. "మీరు నవ్వకండి దొరా. ఎక్కువేమో అన్నాడు మా ఆయన. లెక్క నీకెందుకన్నారు మీరు. ఆ ఒక్క మాట విన్నా బతికేవాడు." భద్రిరాజు తల వంచుకున్నాడు.

రాజు తీర్పు చెప్పాడు. శెట్టి దుకాణం మూయించాడు, భద్రిరాజు పదవి ఊడబెరికాడు. ఇకమీదట ఏ ఎత్తుడుబల్ల అమ్మినా దాని బలం ఎంతో అమ్మేవాడు బల్ల కింద నిలబడి నోరారా చెప్పాలన్నాడు. సభంతా ధర్మప్రభువని పొగిడింది. శెట్టీ భద్రిరాజూ ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నారు.

"తీర్పు బాగుందా అమ్మా?" అని అడిగాడు రాజు.

"బాగుంది మారాజా. ఒక మనిషి ప్రాణమంత ఆలస్యంగా వచ్చింది" అంది నూకాలు.

ఇప్పటికీ ఆ రేవులో గింజలు కొలిచేటప్పుడు మరో ఆరు అనే అంటారు. ఎత్తుడుబల్ల దగ్గర మాత్రం జట్టువాళ్ళు ఏడు అని గట్టిగా అరుస్తారు. నూకాలు పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ నూనె గోరువెచ్చన చేస్తుంది. తర్వాత గుర్తొచ్చి గిన్నె పక్కన పెడుతుంది.

నీతి ఏమిటంటారా? అమ్మే వస్తువు ఎంత మోస్తుందో చెప్పడం బేరం, ఎంత మోయలేదో చెప్పడం ధర్మం.