తుమ్మముళ్ళ మీది పచ్చాకులు

ఒట్టేసి చెబుతున్నాను పిల్లలూ, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉంటే నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి మీ ఒళ్ళో పడతాయి.

అనగనగా ఊరూ కాదు, రాజ్యమూ కాదు, వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఎంత ఎత్తంటారా? చందమామ రోజూ దాని కొమ్మకు తల కొట్టుకుని బొప్పి కట్టించుకునేవాడు. దాని మీద డెబ్బై వేల గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకుని బతికేవి.

వాటికొక ఆచారం ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి ఆ సగం గూట్లో కూర్చుని ఊగి చూస్తుంది. "ఈ ముడి వదులు" అంటే మగపిట్ట విప్పి మళ్ళీ వేస్తుంది. "నాకొద్దు" అంటే మూతి ముడుచుకునైనా సరే, ఇంకోటి మొదలుపెడుతుంది. గుడ్లు పెట్టేది ఆవిడ కదా! అందుకే నాలుగు లక్షల ఏళ్ళలో ఆ చెట్టు మీంచి ఒక్క గుడ్డు రాలలేదు.

చెట్టుకు పెద్ద, పాపయ్య అనే పసుపుతల గిజిగాడు. "వాగు అవతలివాళ్ళ గూళ్ళు మనకంటే ముందే అయిపోతున్నాయట!" అని కుమిలి కుమిలి, తొందరగా అల్లే పద్ధతి చెప్పమని ఒక నారాయణపక్షిని పిలిపించాడు. నారాయణపక్షి అంటే పొడుగుకాళ్ళ కొంగే, పేరే గొప్ప. ఆయన సొంత గూడు అడ్డదిడ్డంగా పడేసిన నాలుగు ఎండుపుల్లలు.

ఆయన మూడు కట్టుబాట్లు పెట్టాడు. పొద్దున్నే అందరూ ఆయనలాగే ఒంటికాలి మీద నిలబడి, నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో చెప్పాలి. పని సాఫీగా సాగితే ముల్లుకు పచ్చాకు గుచ్చాలి, అడ్డం తగిలితే ఎండాకు. ఇక సగం గూళ్ళు చూడ్డానికి ఆడవాళ్ళెందుకు, వాళ్ళ తరఫున తానే చూస్తాడు.

"మీ కాలు కూడా పట్టదు కదా స్వామీ, ఆ గూట్లో!" అంది చిగురమ్మ. ఆ ఏడే తొలిసారి గుడ్లు పెట్టబోతున్న పిట్ట.

"కిందనుంచి పొడుగు కొలుస్తానమ్మాయ్, చాలు."

"మరి గుడ్లు కూడా మీరే పెడతారా?"

చెట్టంతా కిచకిచ నవ్వింది. పాపయ్య కళ్ళెర్రజేశాడు.

నిలబడడం మధ్యాహ్నం దాకా సాగేది. పాపయ్య ఉపన్యాసం ముగిసేసరికి ఒక్కో పిట్టకు కాలు మూరెడు సాగింది. ఒకనాడు చిగురమ్మ తన వంతు రాగానే, "బాబాయ్, మా గూటి వాకిలి పడమటికుంది. వానగాలి అటునుంచే కొడుతుంది" అంది.

"చేసిన పని చెప్పమంటే దిగులు చెబుతావేం? తరవాతి పిట్టా, నువ్వు చెప్పు!" అన్నాడు పాపయ్య.

మర్నాడు ఆమె ముల్లుకు ఎండాకు గుచ్చింది. నారాయణపక్షి మెడ సాచి చూశాడు. "ఇంత పచ్చని చెట్టుకు ఇదొక్కటే మచ్చ!" పొద్దుగుంకేదాకా ఆమెను ఒంటికాలి మీద నిలబెట్టారు. అది చూసి, ముళ్ళకు ఎండాకులు గుచ్చుదామనుకున్న పిట్టలన్నీ గప్‌చుప్‌గా పచ్చాకులే గుచ్చాయి. చిగురమ్మ ఆకును కూడా ఎవరో మార్చేశారు. ఎవరో కాదు, ఆమె మొగుడే.

"నలుగురిలో తలెత్తుకోవద్దా?" అన్నాడు.

మూడోసారి ఆమె ఎవరినీ అడగలేదు. కొలతకు సరిపోయిందని అందరూ మెచ్చిన తన గూట్లోకి దూరి ఊగింది. ముడి కిర్రుమంది. "ఇందులో నేను గుడ్లు పెట్టను" అని గట్టిగా అరిచింది. ఒక్క పిట్టా తల తిప్పలేదు. తూర్పు కొమ్మకు పోయినేటి పాత గూడొకటి చిరిగి వేలాడుతోంది. ముక్కుతో పరకా పరకా తెచ్చి దాన్ని కుట్టుకుని, అందులో మూడు గుడ్లు పెట్టింది.

పడమటి గాలివాన వచ్చింది. ఒక్కో చుక్కకు ఒక్కో చెరువు నిండేంత వాన! కొత్త గూళ్ళన్నీ గుడ్లతో సహా వాగులో కొట్టుకుపోయాయి. తల్లుల ఏడుపుకు ఉరుము కూడా సిగ్గుపడి నోరు మూసుకుంది. ఆకులు మాత్రం ఒక్కటీ రాలలేదు. ముళ్ళకు గుచ్చినవి కదా, నిగనిగలాడుతూ అలాగే ఉన్నాయి.

పాత గూడు నిలిచింది. కానీ దానికీ వయసైపోయింది, రెండు గుడ్లు జారిపోయాయి. ఒక్కటి మిగిలింది. చెట్టు మొత్తానికి ఆ ఒక్కటే.

"పద్ధతిలో లోపం లేదు, మీకే ఒంటికాలి మీద నిలబడ్డం రాలేదు" అని నారాయణపక్షి వాగు దాటి ఎగిరిపోయాడు. అవతలి చెట్టువాళ్ళు ఆయనకు ఎదురొచ్చి మరీ స్వాగతం చెప్పారు.

పాపయ్య చిగురమ్మ దగ్గరికొచ్చి, "ఏమ్మా, ముందే ఒక మాట చెప్పొచ్చుగా?" అన్నాడు.

ఆమె తన గూటివైపు తిరిగింది. ముక్కున గడ్డిపరక ఉంది, వదులైన ముడి ఒకటి బిగించుకోవాలి.

పని సగంలో ఉండగా చెప్పినవాళ్ళ నోరు నొక్కితే, అంతా అయ్యాక వినడానికి ఏడుపే మిగులుతుంది. ఇదీ నీతి.

ఊఁ, లేవవే పిల్లా. పొయ్యి మీద మీ అమ్మ పెట్టిన పులుసు సగం ఉడికింది. వెళ్ళి ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ఉప్పు చాలిందో లేదో ఆవిడతో చెప్పిరా. ఆవిడ మొహం చూసి మాత్రం మాట మార్చకు.